ఈత రాని మా మామ కట్టిన పడవ

మా మేనమామ పోయిండని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌ల మెట్రో స్టేషన్ల ఉన్న. ఫోన్ చేతిలనే ఉంది, ఎప్పుడూ చేతిలనే ఉంటది. అంతకు కొంచెం ముందే మామ ఒక ఫోటో పంపిండు. పడవల సీటుకు నవారు అల్లుతున్నడు, సగం అయింది. 'ఎట్లుంది కోడలా?' అని కింద రాసిండు. నేను బొటనవేలు బొమ్మ పెట్టి ఊకున్న, గంట గడిచినంక మల్ల మోగింది.

అత్తమ్మ ఏడుస్తలేదు. "మీ మామ పలుకుతలేడు బిడ్డ" అన్నది. "కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. నవారు చేతులనే ఉంది."

దవాఖానకు తీస్కపోకుంట నాకెందుకు ఫోన్ చేస్తున్నవని ఆమె మీదనే ఒర్రిన. డాక్టర్ వచ్చి, చూసి, గుండె ఆగిందని చెప్పి పోయినంకనే ఆమె నాకు చేసింది. రైలు వచ్చింది, తలుపులు తెరిచినయ్, మూసినయ్, పోయింది. నేను ఆడనే నిలబడ్డ. మనిషి పోయిండన్న మాట చెవులకు వచ్చింది గని లోపలికి దిగలె. నిజం చెప్పాలంటే ఇది రాస్తున్నప్పుడు సుత పూర్తిగ దిగలె.

సారు శిష్యులంత కలిసి తెస్తున్న ఈ పుస్తకంల నన్ను రాయుమన్నరు. మీకు ఆయన ఎల్లయ్య సారు, మానుకోట బడిల పీఈటీ. మెడల విజిల్, తెల్ల బూట్లు, పొద్దుగాల గ్రౌండ్ల అందరికంటే ముందు. మీ ముచ్చట్లు మీరు రాస్తరు. రిటైరైనంక ఆయన ఇంట్ల కూసోని ఏం చేసిండో మీల శానమందికి తెల్వదు. పడవ కట్టిండు. మానుకోటల, ముందు రూంల, కట్టె బద్దలతోని.

మామ గుణం ఒక్క మాటల చెప్పుమంటే, ఆయనకు కోపం రాదు. నాకు ముక్కు మీదనే ఉంటది. ఆ సంగతి మా ఫ్యామిలీ గ్రూపుల అందరికీ ఎరికే, కొట్లాడుతున్ననని నన్ను తీసేసుడు, మల్ల కలుపుడు నడుస్తనే ఉంటది. ప్రతిసారి కలిపేది మామనే. కలిపి, ఏమీ జరగనట్టు ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ పెట్టేటోడు. మా అమ్మకు అన్న అయితడు. నేను పుట్టింది, పెరిగింది పట్నంల. ఎండకాలం సెలవులకు మానుకోట పోయినప్పుడే నాకు ఆయన దొరికేది.

లచ్చిరాం అని ఒక శిష్యుడున్నడు ఆయనకు. కురవి దిక్కు తండా. ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కాలువల ఈత కొడుతుంటే సారు వెతుక్కుంట వచ్చిండట. కొడతడని లచ్చిరాం నీళ్లల్లనే ఉండిపోయిండు. సారు గట్టు మీద కూసోని శానసేపు చూసి, "అరే, ఆ కాళ్లు ఎట్ల ఆడిస్తున్నవో మల్లొకపారి చూపియ్యి" అన్నడట.

"శిష్యుని కాడ ఈత చూసిన పీఈటీ సారు దునియల మా సారొక్కడే అక్కా" అంటడు లచ్చిరాం.

"చూసి నేర్చుకున్నడా మరి?"

"యాడ. నీళ్లల్ల దిగితే గద. నేను మాత్రం తెల్లారికెంచి బడికి పోయిన. పోకపోతే సారు మల్ల కాలువ కాడికి వచ్చి కూసుంటడని సిగ్గయ్యింది."

అవును, మీ పీఈటీ సారుకు ఈత రాదు. కబడ్డీ వచ్చు, ఖోఖో వచ్చు, ఈత రాదు. నేను నవ్వితే, "మా చిన్నతనంల తాగనీకే నీళ్లు లేకుండె కోడలా, ఈదనీకి యాడికెంచి తేవాలె" అన్నడు. ఆయనది చిల్పూర్ దగ్గర ఊరు. ఆ ఊరి చెరువు అప్పట్ల పేరుకే చెరువు. ఏండ్లకేండ్లు నీళ్లు రాకపోతే, చెరువు లోపలి శికం భూమిలనే జొన్నలు, పెసర్లు వేసుకునేటోళ్లు. నడుమల ఒక ఎత్తు గడ్డ ఉంది. మా తాత పోతే ఆ గడ్డ మీదనే బొంద పెట్టిండ్రు, ఆయన కష్టం చేసుకున్న జాగ అదే కాబట్టి. మా అమ్మమ్మ పండుగకు పోయేది, పబ్బానికి పోయేది, ఇంట్ల లొల్లయితే సుత నడుసుకుంట ఆ గడ్డకే పోయేది. కూసోని మా తాతకు అన్నీ చెప్పి వచ్చేది.

తర్వాత కాలువలల్ల గోదావరి నీళ్లు వచ్చినయ్. చెరువు నిండింది, నిండి మల్ల ఎండలె. ఊరంత సంబురపడి బోనాలు తీసింది. అమ్మమ్మ సుత బోనం ఎత్తింది. ఎత్తుకోని కట్ట మీద నిలబడి, నీళ్ల నడుమ మిగిలిన ఆ గడ్డ ముక్క దిక్కు చూసి, "ఇగ నేనెట్ల పోవాలె" అన్నది.

చేపలు పట్టేటోళ్లు థర్మకోల్ దిమ్మెలు కట్టుకోని దాని మీద తిరుగుతరు. మామ పోయి అడిగితే తీస్కపోతమన్నరు. అమ్మమ్మ ఒప్పుకోలె.

"టీవీ డబ్బాల పెట్టేదాని మీద కూసోని నా పెనిమిటి కాడికి పోవాల్నా?"

"మరి దేని మీద పోతవే అవ్వా?"

"మనిషి కూసునేదాని మీద పోత."

ఇంకొకరైతే ముసలామెతోని వాదం పెట్టుకునేటోళ్లు. నేనైతే తప్పకుంట పెట్టుకునేదాన్ని. మామ సరే అన్నడు. పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్తరమాసకు తీస్కపోత అని మాటిచ్చిండు. ఏ ఏడు పెత్తరమాసకో చెప్పలె. ఆమెకు ఎనభై దాటినయ్, కండ్లు మసకలు పడుతున్నయ్. "నా సూపు ఉన్నప్పుడే తీస్కపో కొడుకా" అన్నది, గంతే.

మానుకోటకు వచ్చి ఫోన్ల వీడియోలు చూసుడు మొదలుపెట్టిండు. ఏదో చలి దేశంల ఒకాయన గ్యారేజ్‌ల సన్నటి కట్టె బద్దలతోని పడవ కడతడు. ప్లైవుడ్ అచ్చులు వరుసగ నిలబెట్టి, వాటి మీద వేలెడు వెడల్పు బద్దలు ఒకదాని పక్కన ఒకటి జిగురుతోని అతికిచ్చుకుంట పోతడు. అంత అతికినంక అచ్చులు తీసేస్తే పడవ ఒక్కటే మిగులుతది. పైన, లోపల ఫైబర్ గ్లాస్ బట్ట పరిచి రెజిన్ అనే చిక్కటి జిగురు పోస్తే నీళ్లు దిగయి. నేను పక్కన కూసోని ఆయన ఇంగ్లీషు మాటలు తెలుగుల చెప్పబోయిన. మామ సౌండ్ బంద్ పెట్టిండు. "మాట వద్దు కోడలా. ఆని చేతులు చూడనీ" అన్నడు. ఆ మాట అప్పుడు మంచిగనే అనిపించింది. దాని ఫలితం ఏమయిందో తర్వాత చెప్త.

కట్టె కోసం భూపాలపల్లి పోయినం, లచ్చిరాం ట్రాలీల. తేలికగ ఉండాలె, వంగాలె, కాబట్టి గుమ్మడి టేకు. ఆడ కట్టెకోత మిషన్ కాడ మామకు పాత దోస్తు ఒకాయన ఉన్నడు. బద్దలు ఎంత సన్నగ కొయ్యాల్నో విని, ఎందుకని అడిగిండు. పడవకు అనంగనే మిషన్ బంద్ చేసి నవ్విండు.

"సారూ, మా భూపాలపల్లిల బొగ్గు బాయిలకు, నేల కిందికి పోయేటోళ్లున్నరు గని, నీళ్ల మీదికి పోయేటోళ్లు లేరు."

"పైన ఉండేదానికేనయ్యా తేలికది అడుగుతున్న" అన్నడు మామ. "కిందికి పోవాలంటే కట్టె ఎందుకు, బండరాయి సాలు."

ఇద్దరు కూసోని చాయ్ తాగిండ్రు. ఆయన కూడ నవ్వుకుంటనే కోసిచ్చిండు. ఒక్క బద్దకు సుత కణుపు లేదు.

ముందు రూంల అచ్చులు నిలబెట్టినంక అత్తమ్మ టీవీని వంటింట్లకు మార్చుకుంది. సోఫా వరండల పడ్డది. "పెండ్లయినంక ఇల్లు కట్టుమంటే పడవ కడుతున్నడు ఈయన" అని వచ్చినోళ్లందరికీ చెప్పేది. వచ్చినోళ్లను మామ ఊరికెనే పోనిచ్చేటోడు కాదు. చాయ్ తాగినోడు ఒక బద్ద అతికియ్యాలె, లేకపోతే గరుకు కాయితం పట్టాలె. కరెంట్ బిల్లు ఇయ్యొచ్చినాయన సుత ఒకపారి దొరికిండు. బిగించనీకి అన్ని క్లాంపులు లేకపోతే పాత సైకిల్ ట్యూబులు కోసి, అచ్చుకూ బద్దకూ కలిపి చుట్టు గుంజి కట్టేటోడు. రూమంత రబ్బరు వాసన, జిగురు వాసన.

ఒకపారి నేను వంచుతుంటే బద్ద పట్‌మని ఇరిగింది. ముక్క గోడకేసి కొట్టిన. మామ ఇరిగిన ముక్కను తీసి, ఇరిగిన కాడ వేలు పెట్టి చూసిండు. "నువ్వు నడుమ పట్టి వంచినవ్. కొసకెంచి రావాలె" అని ఇంకోటి చేతులకిచ్చిండు. అది సుత ఇరిగింది. ఇంకోటిచ్చిండు. నేను నవ్వుడు మొదలుపెట్టినంక ఆ బద్ద ఇరగలె. అది ఇప్పటికీ పడవకు ఎడమ దిక్కున ఉంది. నేనే అతికిచ్చిన.

ఇగ ఆ రెజిన్ సంగతి. రెండు డబ్బాలు కలపాలె, రెజిన్ రెండు వంతులు, గట్టిపడే మందు ఒక వంతు. వీడియోల ఆయన అదే మొత్తుకుంటుండెనట, ఎక్కువ వేస్తే గట్టిపడదు అని. మనం సౌండ్ బంద్ పెట్టినం గద. చలికాలం వచ్చింది, మామకు తొందరగ గట్టిపడాలె అనిపించింది. సిమెంట్ ఎక్కువ పోస్తే మాల్ గట్టిగయితదన్న లెక్కన, గట్టిపడే మందు కండ్ల అందాజ ఎక్కువనే పోసిండు. పొద్దుగాల చూస్తే బంక. మరుసటి వారం చూసినా బంకనే. ఈగలు అతుకుతున్నయ్, దుమ్ము అతుకుతున్నది, పక్కింటి పిల్లి ఒకపారి ఎక్కి తోక బొచ్చు ఆడనే ఇడిసిపెట్టి పోయింది.

నేను పట్నంకెంచి వచ్చి చూసి పరేషానయిన. ఫోన్ తీసి ఆ వీడియో కింద నోటికొచ్చింది రాస్తుంటే మామ, "ఆయన మంచిగనే చెప్పిండు. నేనే వినలె. అది తుడిచెయ్యి" అన్నడు. అప్పుడు అమ్మమ్మ మానుకోటలనే ఉండె. వచ్చి, పడవ మీద వేలు పెట్టి, రెండు వేళ్ల నడుమ సాగదీసి చూసింది.

"పాకం కుదరలేదురా. బెల్లం ఎక్కువ పోస్తే పాకమయితదా?"

"కాదే అవ్వా."

"మరి అరిసెలు వండే నీ పెండ్లాన్ని అడుగకపోయినవా?"

ఆ బంకంత గీకి తీసిండు మామ. థిన్నర్ పోసుకుంట, గాజు పెంకులతోని, చలికాలం అంత. నేనైతే ఎత్తి బయట పారేసేదాన్ని. ఆయన పొద్దున గ్రౌండ్‌కు పోయినట్టు లేచి, స్నానం చేసి, కూసోని గీకేటోడు. అడిగితే, "ఓడిపోయిన టీంకు తెల్లారి ప్రాక్టీస్ ఉండదా?" అన్నడు. మీకు ఆ మాట ఎరికే ఉంటది, మీతోని అనే ఉంటడు. రెండోసారి కలిపింది అత్తమ్మ, వంటింటి గిలాసతోని కొలిచి. తెల్లారి గోరుతోని కొడితే టక్కుమన్నది. అచ్చుల మీదికెంచి లేపేటప్పుడు గల్లీ అంత వచ్చింది. మామ విజిల్ వేసిండు, అందరు ఒక్కటేసారి ఎత్తిండ్రు. లోపల చూస్తే ఎర్రటి కట్టె, తెల్లటి కట్టె, గీతలు గీతలు. అత్తమ్మ అప్పటికెంచి టీవీ గురించి మాట్లాడలె.

ఆయన పోయేటప్పటికి మిగిలింది ఒక్క సీటే. పెత్తరమాసకు ఇంకా నెల సుత లేదు.

మామను ఆయన పుట్టిన ఊరికే తీస్కపోయినం. చెరువు కట్ట కింద కొత్తగ కట్టిన వైకుంఠధామంల మట్టి చేసిండ్రు. అమ్మమ్మ మట్టెయ్యనీకి వచ్చి, కట్ట దిక్కు తల తిప్పి, "తండ్రి ఆడ, కొడుకు ఈడ. నడుమ నీళ్లు" అన్నది. ఏడ్వలె. ఇంటికి వచ్చినంక మా చిన్నతాత, అంటే మా తాత తమ్ముడు, అరుగు మీద పది మంది ముంగట, "ఇంట్ల పడవ కడితే ఇంటాయన పోతడు. ఇరగ్గొట్టి పొయ్యిల పెట్టుర్రి" అన్నడు. నాకు ఒళ్లు మండింది. ఏమన్ననో ఇక్కడ రాయ, రాస్తే పుస్తకంలకెంచి తీసేస్తరు. నన్ను ఆపింది అమ్మమ్మనే.

"నువ్వు ఊకో బిడ్డ. పడవ ఇరగ్గొడితే నేనెట్ల పోవాలె?"

"ఈ ఏడు నీకు పెత్తరమాస యాడిది వదినా?" అన్నడు చిన్నతాత. "ఇంట్ల మనిషి పోయిండు. మైల. పెద్దలకు బియ్యం ఇయ్యరాదు."

"బియ్యం ఇయ్యనీకి కాదు" అన్నది అమ్మమ్మ. "కొడుకు పోయిండని ఆయనకు చెప్పాలె గద. ఎవరు చెప్తరు? నువ్వు చెప్తవా?"

చిన్నతాత అరుగు దిగి పోయిండు.

పెద్దదినం అయినంక నేను సెలవు పెట్టి మానుకోటల ఉన్న. నవారు సగం అత్తమ్మ అల్లింది, మామ ఆపిన కాడికెంచి. ఆయన అల్లింది బిర్రుగ ఉంది, ఆమెది జర వదులు. విప్పి మల్ల అల్లుదామా అంటే, "ఉండనీ, ఎవరిదెంతో తెలుస్తది" అన్నది. కొత్త బండికి కురవిల వీరభద్రస్వామి కాడ పూజ చేపిస్తరు గద మన దిక్కు, మామ సుత పడవను ఆడికి తీస్కపోయినంకనే నీళ్లల్ల దించుత అనేటోడు. మేం మైలల ఉన్నం, గుడికి పోరాదు. లచ్చిరాం ఒక్కడే ట్రాలీల ఎక్కించుకోని పోయిండు. పూజారి పడవ చుట్టు తిరిగి, "టైర్లు యాడున్నయయ్యా, నిమ్మకాయలు దేని కింద పెట్టాలె?" అన్నడట. "ట్రాలీ టైర్ల కింద పెట్టుర్రి పంతులూ. నీళ్ల దాక నడిచేది ఇదే" అన్నడు లచ్చిరాం. ఆ నిమ్మకాయల మీదికెంచే మానుకోట దాటి, మా అమ్మమ్మ ఊరికి తెచ్చిండు.

పెత్తరమాస నాడు పొద్దుగాల ఊరు ఊరంత కట్ట మీద ఉంది. చిన్నతాత సుత ఉన్నడు, దూరంగ. చేపలు పట్టేటోళ్లు థర్మకోల్ దిమ్మెలేసుకోని అటొకరు ఇటొకరు వచ్చిండ్రు, ఏమన్నయితే పట్టుకుందమని. అమ్మమ్మ నడుము చుట్టు లారీ ట్యూబు వేసినం. అది మామ తన కోసం కొని పెట్టుకున్నది. ఆమె నడుమల సీటు మీద కూసుంది, చెయ్యి నవారు మీద పెట్టి. ముందట నేను, వెనుక లచ్చిరాం. తెడ్డు ఎట్ల వెయ్యాల్నో నేను ఫోన్ల చూసిన, సౌండ్ పెట్టుకోని. అయినా మొదలు పడవ గుండ్రంగ తిరిగింది. కట్ట మీదికెంచి ఎవరో, "పట్నం పిల్లా, గడ్డ అటున్నది" అని ఒర్రిండ్రు. లచ్చిరాం వెనుకకెంచి, "అక్కా, నువ్వు జర కోపం తక్కువ చేసి ఎయ్యి, సక్కగ పోతది" అన్నడు. పోయింది. నీళ్లు ఒక్క సుక్క లోపలికి రాలె.

గడ్డ మీద సర్కారు తుమ్మలు మొలిచినయ్. మాకు ఏ జాగనో తెల్వదు. అమ్మమ్మ కండ్లతోని కాదు, కాళ్లతోనే వెతికినట్టు పోయి ఒక రాయి కాడ ఆగింది. కూసుంది. కొంగుతోని రాయి తుడిచింది. మేం కొంచెం ఇవతలనే నిలబడ్డం.

"ఇగో, వచ్చిన" అన్నది. "నీళ్లొచ్చినయ్, అందుకే ఆలస్యమయింది. చెరువు నిండింది చూసినవా. నువ్వుంటే సంబురపడేటోనివి."

లచ్చిరాం తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు.

"నీ కొడుకు పడవ కట్టిండు" అన్నది. "ఇంట్లనే కట్టిండు. దాంట్లనే వచ్చిన. మంచిగుంది, మెత్తగ పోయింది." చెయ్యి రాయి మీదనే ఉంది. "వాడా? వానికి బడిల పనుంది. పిల్లలను ఆటలకు తీస్కపోయిండు."

ఇంక లేచింది. లచ్చిరాం చెయ్యి పట్టుకోని పడవ ఎక్కింది. సగం దూరం వచ్చినంక నాకు ఊకోబుద్ధి కాలె.

"చెప్తనని వచ్చి చెప్పకపోతివేంది అమ్మమ్మా?"

ఆమె నీళ్ల దిక్కే చూసుకుంట అన్నది, "ఆయన ఆడ ఒక్కడే ఉన్నడు బిడ్డ. చెప్పేసి నేను ఇటొస్త. ఆయన ఎవరితోని ఏడ్వాలె?"

సారు దగ్గర ఆటలు నేర్చుకున్న మీకందరికీ నేను చెప్పేది గింతే. పడవ ఊర్ల ఉంది. వచ్చే పెత్తరమాసకు అమ్మమ్మ మల్ల పోతనన్నది, తోలనీకి మేమున్నం. అసొంటి మనిషిని మాత్రం ఏ కట్టెతోని, ఎన్ని బద్దలు అతికించినా కట్టలేం. ఆయన కాళ్లకు నా దండం. ఆ చెరువు నడుమ ఉన్న ఒక్క మనిషికి మా మామ ఇంకా బతికే ఉన్నడు. ఇవతల ఒడ్డున ఉన్న మనకే లేడు.